జిమ్ దాచుకున్న భాష: 'జేమ్స్' నవల రివ్యూ

నమస్కారం. చెన్నై నుంచి మాట్లాడుతున్నాను. ముందుగా ఒక సంగతి చెప్పివేయాలి. నా చేతిలో మీకు కనిపిస్తున్న ఈ 'జేమ్స్' నవలను నేను కొనలేదు. నగరంలోని ఒక పుస్తకాల దుకాణం వారు రివ్యూ చేయమని ఉచితంగా పంపారు. డబ్బు ఇవ్వలేదు, ఏమి చెప్పాలో కూడా సూచించలేదు. అయినా ఊరికే వచ్చిన పుస్తకం పట్ల మనసు కొంత మెత్తబడడం సహజం కనుక, నా పొగడ్తలను ఆ మేరకు తగ్గించుకుని వినండి.

అమెరికా నల్లజాతి రచయిత పర్సివల్ ఎవరెట్ రాసిన ఈ నవల 2024లో వెలువడిందని, అదే ఏడాది అమెరికా నేషనల్ బుక్ అవార్డును, 2025లో పులిట్జర్ బహుమతిని అందుకుందని, హక్ అనే తెల్ల కుర్రవాడు, పారిపోతున్న బానిస జిమ్ కలిసి నది మీద సాగే మార్క్ ట్వైన్ 'హకల్‌బెరీ ఫిన్' కథను ఆ జిమ్ నోట మళ్లీ చెప్పించిందని మీరు ఈపాటికి పది చోట్ల వినే ఉంటారు. అందువల్ల కథాసారం జోలికి నేను వెళ్లను. నాకు ఎక్కువసేపు మాట్లాడాలని ఉన్నది ఒకే ఒక్క విషయం గురించి, అది ఇందులోని భాష.

ట్వైన్ పుస్తకాన్ని మా నాన్నగారు మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాల కుప్ప నుంచి ఏరి తెచ్చారు. 1985లో ఆ మార్కెట్ కాలిపోవడానికి ముందు మాట అది. అందులో జిమ్ మాట్లాడే ఇంగ్లీషును కూడబలుక్కుని చదివి, అతడు మంచివాడే గాని ఏమీ తెలియని అమాయకుడని నేను నిశ్చయించుకున్నాను. ట్వైన్ ఆ యాసలను ఎంతో శ్రద్ధగా రాశానని పుస్తకం మొదట్లోనే చెప్పుకున్నాడు. కానీ ఆ శ్రద్ధ అంతా జిమ్ తెల్లవారికి ఎలా వినిపించాడన్న దాని మీదే నిలిచిపోయిందని, తన వారితో ఒంటరిగా ఉన్నప్పుడు అతడు ఎలా మాట్లాడి ఉంటాడన్న ప్రశ్న ఆ పుస్తకానికి తట్టనే లేదని నాకు ఇన్నేళ్ల తరువాత, ఎవరెట్‌ను చదివాక గాని తెలియలేదు.

ఈ నవలలో జిమ్, అతని భార్యాబిడ్డలు, తోటి బానిసలు తమలో తాము నిండైన, నిర్దుష్టమైన ఇంగ్లీషు మాట్లాడుకుంటారు. తెల్లవారి అడుగుల చప్పుడు వినబడగానే ఆ యాసను తొడుక్కుంటారు. తొలి అధ్యాయాలలోనే జిమ్ పిల్లలకు పాఠం చెబుతాడు: తెల్ల దొరసాని వంటిల్లు అంటుకుంది, ఆమె అటు తిరిగి నిలబడి ఉంది, ఆ సంగతి ఆమెకు ఎలా చెప్పాలి? నిప్పు అని సూటిగా అనకూడదు, ఎందుకంటే ఆపదను ముందుగా గుర్తించి దానికి పేరు పెట్టే గౌరవాన్ని తెల్లవారికే వదిలిపెట్టాలి. ఇల్లు తగలబడుతున్నా తప్పని మర్యాద అది. ఈ భాగం చదువుతూ నేను పగలబడి నవ్వాను. ఆ పిల్లలు నేర్చుకుంటున్నది వ్యాకరణం కాదని, కొరడా దెబ్బ తప్పించుకునే విద్య అని తట్టేసరికి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఇక్కడ నా సొంత గొడవ కొంత చెబుతాను, ఓపిక పట్టండి. నాకు ఎనిమిదేళ్లప్పుడు మేము సైదాపేటలో అద్దెకు ఉండేవాళ్లం. ఊరి పేరు అప్పటికి ఇంకా మద్రాసే. మా వీధి ఊడ్చే ఇద్దరు స్త్రీలు, ఇల్లుగలాయన ఎంత కసిరినా, 'సరింగ అయ్యా' అన్న రెండు తమిళ మాటలు తప్ప లోకంలో మరేమీ రానట్టు తల వంచుకుని నిలబడేవారు. ఒకనాడు ఆయన లోపలికి వెళ్లగానే, వారిలో ఒకామె నడుము మీద చేయి వేసుకుని, అచ్చం ఆయనలాగే గొంతు సాగదీసి, చక్కటి నెల్లూరు తెలుగులో ఆయన తిట్లన్నిటినీ అభినయించి చూపింది. రెండవ ఆమె నవ్వు ఆపుకోలేక చీపురు మీదికి వాలిపోయింది. అరుగు మీద కూర్చున్న నేను కూడా పకపకా నవ్వాను. మరుక్షణమే ఇద్దరూ మూగబోయారు. ఆ ఇంట్లో తెలుగు అర్థమయ్యేవాడు ఒకడు ఉన్నాడని అంతవరకు వారికి తెలియదు. ఆ తరువాత మా వీధిలో వారు తెలుగు మాట్లాడగా నేను వినలేదు.

నలభై ఏళ్లుగా దీనిని ఒక తమాషా జ్ఞాపకంగానే చెప్పుకుంటూ వచ్చాను. అయితే ఈ నవలలో జిమ్‌ను పాము కరిచి, జ్వరం తలకెక్కి, కలవరింతలో అతడు ఫ్రెంచి తత్త్వవేత్త వోల్టేర్‌తో తన అసలు భాషలో వాదించడం, పక్కనే ఉన్న హక్ అది విని విస్తుపోవడం, తెలివి వచ్చాక జిమ్ దానిని సర్దిచెప్పుకోవలసి రావడం చదివినప్పుడు, ఆనాటి నా నవ్వు ఆ ఇద్దరికీ ఎలా వినిపించి ఉంటుందో మొదటిసారిగా ఊహకు అందింది. మన కులం, అక్కడి వర్ణం ఒకటేనని నేను అనడం లేదు. కథ జరిగే అమెరికా రాష్ట్రం మిస్సోరీలో జిమ్‌ను పశువులా అమ్మవచ్చు. ఆ స్త్రీలకు పోయేది మహా అయితే పని.

మనిషిలో మార్పు అన్న మాటకు వస్తే, ట్వైన్ నవలలో మారేది హక్. జిమ్‌ను పట్టివ్వడానికి రాసిన ఉత్తరాన్ని చించివేసి, నరకానికైనా పోతానని తెగించే ఆ ఘట్టం నిజంగా గొప్పది. ఆపైన హక్ స్నేహితుడు టామ్ సాయర్ వచ్చి జిమ్ విడుదలను పిల్లకాయల ఆటగా మార్చివేస్తాడు. అప్పటికే జిమ్ యజమానురాలు వీలునామాలో అతనికి స్వేచ్ఛ ఇచ్చిపోయిందని చివరలో తెలుస్తుంది. ఆ అధ్యాయాలు నాకు మొదటి నుంచీ చిరాకే. ఎవరెట్ దగ్గర మార్పు జిమ్‌లోనే జరుగుతుంది, అదీ ఒక పెన్సిలు ముక్కతో మొదలవుతుంది. జార్జ్ అనే బానిస దానిని యజమాని దగ్గర దొంగిలించి తెచ్చి జిమ్‌కు ఇస్తాడు, ఆ నేరానికి ప్రాణాలు పోగొట్టుకుంటాడు. ఆ పెన్సిలుతోనే జిమ్ తన కథను రాసుకుంటాడు. దేని మీద అనుకున్నారు? నల్లవారిని వెక్కిరిస్తూ తెల్లవారు ముఖాలకు మసి పూసుకుని పాడే పాటలు రాసి ఉన్న నోటుపుస్తకం మీద. ఆ నోటుపుస్తకం సొంతదారు డేనియల్ డెకటర్ ఎమెట్ చరిత్రలో నిజంగా ఉన్నవాడే, 1843లో మొదలైన వర్జీనియా మిన్‌స్ట్రెల్స్ బృందంలో ఒకడు. నల్లవాడైన జిమ్ ఆ బృందంలో పాడటానికి, నల్లరంగు పూసుకున్న తెల్లవాడిలా కనిపించేట్టు వేషం కట్టవలసి రావడం ఈ పుస్తకంలో అన్నిటికంటే చేదైన హాస్యం.

కోపం వచ్చిన చోటు కూడా ఉంది. చివరి మూడో వంతులో కథ పరుగు అందుకుంటుంది. మాటలను అంత జాగ్రత్తగా తూచిన మనిషి తుపాకి పట్టాక, నవల కూడా ఆలోచించడం తగ్గించి సంఘటనల వెంట పడుతుంది. అమెరికా అంతర్యుద్ధం మొదలైందన్న వార్త ఎవరో వీధి గుమ్మంలో నిలబడి చెప్పిపోయినట్టు వచ్చిపోతుంది. హక్ గురించి బయటపెట్టే రహస్యం ఒకటి ఉంది, అది ఏమిటో చెప్పను గాని, దాని అవసరం నాకు కనిపించలేదు. ఆ ఇద్దరి స్నేహానికి అంతకు మించిన కారణం ఎందుకు?

నాకు పదే పదే గుర్తుకు వచ్చిన తెలుగు పుస్తకం 'మాలపల్లి'. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో రాయవేలూరు జైలులో ఉండి రాసిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. పై కులం నుంచి వచ్చిన ఆయన దళిత కుటుంబ జీవితాన్ని ఎంతో ప్రేమతో, వాడుక పలుకుబడితో రాశారు. అయినా ఆ గడప లోపలి నుంచి మాట్లాడే గొంతు కోసం మనం చాలాకాలం ఎదురుచూడవలసి వచ్చింది. 2000లో వచ్చిన జి. కళ్యాణరావుగారి 'అంటరాని వసంతం' నాకు ఆ గొంతే. ఎవరెట్‌కు, ట్వైన్‌కు మధ్య ఉన్న దూరం అలాంటిదే, అయితే ఎవరెట్ తన పెద్దాయనతో తగవు పెట్టుకుంటూనే ఆయన పడవలోనే ప్రయాణిస్తాడు.

కొనాలా అంటే, నేనైతే కొంటాను. చివరి భాగం మీద ఎంత సణిగినా, ఆ వంటింటి పాఠం ఒక్కదాని కోసమైనా కొంటాను. తెలుగులోకి తేవాలనుకునే వారికి మాత్రం నా సానుభూతి. జిమ్ తొడుక్కునే యాసకు మన ఏ మాండలికాన్ని వాడినా, ఆ మాండలికం ఇంటి భాషగా ఉన్నవారిని వేషధారులు అన్నట్టు అవుతుంది.

దుకాణం వారు ఈ ప్రతిని తిరిగి ఇమ్మనలేదు కనుక, మా కింది వాటాలో కాలేజీలో చదువుకునే అమ్మాయికి ఇస్తున్నాను. నచ్చిన వాక్యాల కింద పెన్సిలుతో గీసుకునే అలవాటు నాకు ఉంది, ఆమె మన్నించాలి. జార్జ్ చావు తరువాతి పేజీలు మాత్రం శుభ్రంగానే ఉంటాయి. అక్కడి నుంచి గీయడానికి నాకు చేతులు రాలేదు.