కొరడా దెబ్బకు తిరిగే చైనా బొంగరం

సభకు నమస్కారం.

మన ఊళ్లలో బొంగరానికి తాడు చుట్టి విసురుతాం. ఆ విసురులోని ఊపు ఉన్నంతసేపే అది తిరుగుతుంది. చైనాలో ‘థువోలువో’ అనే బొంగరాన్ని కొరడాతో ఆడేవారికి మాత్రం, దానిని నేల మీద వదిలిన తరువాతే అసలు పని మొదలవుతుంది.

మింగ్ వంశ పాలన చివరి దశలో, 1635లో లియు థోంగ్, యూ యిజెంగ్ అనే ఇద్దరు బీజింగ్ విశేషాల గురించి వెలువరించిన గ్రంథంలో ఈ ఆట కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. లోపల బోలు లేని, పిడి లేని కొయ్య బొంగరానికి కొరడా తాడు చుట్టి, నేల మీద నిలిపి, చటుక్కున లాగితే అది చప్పుడు లేకుండా తిరుగుతుందని, వేగం తగ్గడం కనిపెట్టి కొడుతూ ఉంటే ఆగనే ఆగదని, జోరు మీద ఉన్నప్పుడు పైభాగం మెరుస్తుందే తప్ప నీడ కదలదని వారు రాశారు. ఆ నీడను గమనించిన చూపు నాకెంతో ఇష్టం. విల్లో చెట్టు పచ్చబడితే ఒక ఆట, ఏపుగా ఉన్నప్పుడు కొరడా బొంగరం, ఆకు రాలితే కాలితో ఎగరేసే ఈకల బంతి అని పిల్లలు పాడుకునే పాటను కూడా వారు అందులోనే భద్రపరిచారు.

దెబ్బ వేయడంలో బలం కంటే అదను ముఖ్యం. బొంగరం తల ఊగడం మొదలైన క్షణంలోనే, అది తిరిగే దిశలోనే, తాడు దాని పక్కభాగానికి చుట్టుకుని జారిపోయేలా కొట్టాలి; ఆ జారుడులోని లాగుడే వేగాన్ని తిరిగి అందిస్తుంది. దెబ్బ మరీ పైన తగిలితే బొంగరం పక్కకు పడిపోతుంది. ఈశాన్య చైనాలో నదులు గడ్డకట్టే చలికాలంలో పిల్లలు మంచు మీద దీన్ని ఆడతారు, ఎందుకంటే నున్నని మంచు మీద రాపిడి తక్కువ.

నేడు నగరాల పార్కుల్లో ఎక్కువగా కనిపించేది పెద్దవయసువారు. వారి బొంగరాలు బరువైనవి, కొరడాలు పొడవైనవి. కొరడా కొస ధ్వని వేగాన్ని మించినప్పుడు పుట్టే చప్పుడు తుపాకీ మోతలా వినిపిస్తుంది. ఇరుగుపొరుగువారు ఫిర్యాదు చేయడం సహజమే. 2022 జూన్ 5 నుంచి అమల్లోకి వచ్చిన శబ్దకాలుష్య నివారణ చట్టం, బహిరంగ స్థలాల్లో వినోదానికీ వ్యాయామానికీ ఆయా స్థలాల నిర్వాహకులు నిర్ణయించిన ప్రదేశాన్ని, వేళను, శబ్దస్థాయిని పాటించాలని చెబుతోంది. నా దృష్టిలో ఇది సరైన దారి. ఇళ్లకు దూరంగా కాస్త చోటు, పొద్దెక్కాక కొంత సమయం కేటాయిస్తే ఆ వృద్ధుల ఆటా సాగుతుంది, పక్కవారి నిద్రా చెడదు.