ప్రాజెక్టు పోయినంక బీరువా తాళం ఎవరి దగ్గర?

వేదిక మీది పెద్దలకు, ఎదురుగ ఉన్న హెచ్ఎంలకు, బడుల గుంపుకు సాయంగ తిరిగే సీఆర్పీలకు, టీచర్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటపోతే నాకిచ్చిన టైం అక్కడే అయిపోతది, మన్నించాలె.

దాతల పైసలతో నడిచే టీచర్ల శిక్షణ, ఆ పైసలు ఆగినంక కూడా ఎట్ల నడవాలె? ఇదే ఇయ్యాల్టి ముచ్చట. వరంగల్‌కు ఇది కొత్త కాదు. బ్రిటన్ సాయంతో 1984లో ఏపీపీఈపీ, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు, ప్రయోగాత్మకంగ మొదలైంది. పిల్లలు చేసి నేర్చుకోవాలె, చుట్టూ ఉన్న పరిసరాలనే వాడుకోవాలె, పిల్లల పనిని గోడల మీద పెట్టాలె అని ఆరు సూత్రాలు చెప్పిన్రు. 1996లో డీపీఈపీ, అంటే జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం, వస్తే తొలి విడత ఐదు జిల్లాల్లో వరంగల్, కరీంనగర్ రెండూ ఉన్నయి.

ప్రాజెక్టు పోయినంక కట్టిన గది నిలబడ్తది, చుట్టుపక్కల బడుల టీచర్లు ఒక్కదగ్గర కూడే కాంప్లెక్సు మీటింగు నీరసిస్తది. గదికి ఒక్కసారే ఖర్చు. మీటింగు ఖర్చు ఏటేటా వస్తది, కాని ఎవరి పద్దులోనూ ఉండదు. లెక్క వేసి చూడుండ్రి. ఒక కాంప్లెక్సులో, అంటే దగ్గరి బడుల గుంపులో, 40 మంది టీచర్లనుకుందాం. దారిఖర్చు మనిషికి 100, అన్నం, చాయ 80, జిరాక్సులకు మొత్తం 800. మీటింగుకు 8,000 అయితది. ఏడాదికి ఆరు పెడితే 48,000. ఆడటీచర్లకు ఆర్టీసీ బస్సు ఉచితమే కదా అని ఎవరన్నా అంటే, తాడ్వాయి, ఏటూరునాగారం దిక్కు బస్సు పోని గూడెం నుంచి రోడ్డు దాకా ఆటో కిరాయి ఎవరు పెట్టుకోవాలె?

సర్వశిక్షా అభియాన్ మొదట్ల కేంద్రం, రాష్ట్రం వాటా 85:15. దాని స్థానంల వచ్చిన సమగ్ర శిక్షలో ఇప్పుడు 60:40. అంటే వాటా మెల్లమెల్లగ రాష్ట్రం మీదికి వచ్చింది. దాతతో రాసుకునే ఒప్పందంలో కూడా గిట్లనే ఉండాలె: మొదటి ఏడు మీటింగు ఖర్చంతా దాతది, రెండో ఏడు నాలుగింట మూడొంతులు, మూడో ఏడు సగం, నాలుగో ఏడుకు మొత్తం మన పద్దే. ఆఖరి ఏడాది బడ్జెట్ ప్రతిపాదనలు పోయినంక యాదికొస్తే ఏం లాభం లేదు.

ఇగ బీరువా సంగతి. హెచ్ఎంలు కోపం చేసుకోవద్దు. ప్రాజెక్టు వాళ్లు పూసల చట్రాలు, అక్షరాల కార్డులు, భిన్నాల బిళ్లలు ఇస్తరు. వాటిని స్టాకు రిజిస్టర్‌లో ఎక్కిస్తరు. ఒక్క బిళ్ల పోయినా చార్జి అప్పజెప్పేటప్పుడు లెక్క తప్పుతది, పైసలు కట్టమని రికవరీ అంటరు. ఆ భయానికి సామానంతా బీరువాలకు పోతది. రెండు వానకాలాలు గడిచినంక తెరిచి చూడుండ్రి: కార్డులకు చుట్టిన రబ్బరు బ్యాండు కరిగి అట్టకే అంటుకుంటది, పీకితే అక్షరం కూడా ఊడొస్తది. కింది అరల చెదలు. లెక్క మాత్రం సక్కగుంటది!

శిక్షణ తీసుకున్న టీచరు చేతిలో ఆ సామానే లేకపోతే నేర్చిన పాఠం నల్లబల్ల మీదికే తిరిగొస్తది. చేయాల్సింది పెద్ద పనేం కాదు. కార్డులు, బిళ్లల వంటి అరిగిపోయే సామానును వినియోగ వస్తువుల రిజిస్టర్‌లో ఎక్కించి, అదేరోజు క్లాసు టీచరుకు ఇచ్చినట్టు రాసి నిల్వ సున్నా చేయుండ్రి. బీరువాలు, కంప్యూటర్లు మాత్రమే స్థిర వస్తువుల రిజిస్టర్‌లో ఉండాలె. విరిగినవి, చినిగినవి ఏడాది చివర కమిటీ తీర్మానంతో తీసేయాలె. స్థిర వస్తువులకైతే పై అధికారి అనుమతి కావాలె. డీఈఓ ఆఫీసు నుంచి ఒక్క మెమో వస్తే చాలు, ఈ భయం పోతది. ముందు వరుసల కూసున్న సార్లకు నేను మళ్ల మళ్ల చెప్పేది ఇదే: ఆ మెమో ఇప్పియ్యుండ్రి.

బీరువాల పడి శిక్షణ సంగతి పక్కకు పోయింది. రాష్ట్రంల ఐదు రోజులు చెప్పింది జిల్లాల మూడు, మండలంల రెండు రోజులకు కుదిస్తే, మొదట కోతపడేది చేసి చూపించే పాఠమే. ఉపన్యాసం మిగుల్తది. అందుకే కాంప్లెక్సు మీటింగుల సగం టైం పిల్లలున్న క్లాసుల పాఠానికే పెట్టాలె. ఒకరు చెప్పాలె, మిగతావాళ్లు వెనుక కూసుని టీచరును కాదు, పిల్లలను చూసి రాసుకోవాలె: ఎవరు నోరు విప్పలే, ఎవరు పక్కోని పలక చూసి రాసిన్రు. బదిలీలల్ల శిక్షణైన టీచరు పోతడు, ఆపలేం. బడికి ఇద్దరికి శిక్షణ ఇస్తే ఒకరన్నా మిగుల్తరు. ఒక్క టీచరే ఉన్న బడికైతే పక్క ఊరి టీచరును జత చేయాలె.

ఆఖరిది, ఫైళ్లు. మాడ్యూళ్ల, అంటే శిక్షణ పుస్తకాల, పీడీఎఫ్ తీసుకొని సంబురపడొద్దు, దాంట్ల మార్పులు చేసుడు కష్టం. పాత మాడ్యూళ్లు పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో ఉంటే ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే గజిబిజి గీతలే కనిపిస్తయి. దిద్దుకునేందుకు వీలైన, ప్రత్యేక ఫాంటు లేకున్నా తెలుగు కనిపించే యూనికోడ్ ఫైళ్లు కావాలె, మార్చి వాడుకునే హక్కు కూడా రాతపూర్వకంగ కావాలె. వీడియోలున్న ఖాతా పాస్‌వర్డు డైట్ (జిల్లా టీచర్ల శిక్షణ సంస్థ) ప్రిన్సిపాల్ పేరు మీద కాదు, ఆఫీసు ఈమెయిల్ మీద ఉండాలె. ఇవి మూడూ చేతికి రాకముందు ముగింపు నివేదిక మీద సంతకం పెట్టొద్దు.