మంటలకన్నా బోర్లలో వేసిన ఇనుమే దెబ్బ కొట్టింది: రొమేనియా, 1916

వ్యాఖ్యాత: 1916 నవంబరులో జర్మన్ సేనలు బుకారెస్ట్ మీదికి వస్తున్నాయి. రొమేనియా చమురు కేంద్రమైన ప్లొయెష్టిలోని చమురు వాళ్ల చేతికి పోకుండా చూడమని బ్రిటన్ జాన్ నార్టన్-గ్రిఫిత్స్‌ను పంపింది. పార్లమెంటు సభ్యుడు, పెద్ద కాంట్రాక్టరు. ఏం చేశాడండీ?

అతిథి: ట్యాంకుల వాల్వులు తిప్పి ముడిచమురు వదిలిపెట్టించి అంటించాడు. సుమారు 70 రిఫైనరీలు, 8 లక్షల టన్నుల చమురు పోయాయి. పొగ పట్టి మధ్యాహ్నమే చీకటి పడిందంటారు. అందరూ చెప్పుకునేది ఆ మంటల గురించే. నన్నడిగితే అసలు దెబ్బ బోర్లలో పడింది.

వ్యాఖ్యాత: ఎలాగండీ?

అతిథి: చెక్క డెరిక్కు, అంటే బావి మీద నిలబెట్టే ఎత్తైన చట్రం, కాలిపోతే మళ్లీ కట్టుకోవచ్చు. కింద చమురు పొర చెక్కుచెదరదు. అందుకే బోర్లలోకి రాళ్లు, మేకులు, గొలుసులు, విరిగిన డ్రిల్లు బిట్లు, దొరికిన తుక్కంతా పడేయించాడు. జర్మన్లు వచ్చాక ఆ తుక్కు తీయాలి. చమురు బావుల దగ్గర దీన్నే ఫిషింగ్ అంటారు. లోపల ఏముందో కంటికి కనపడదు. పనిముట్టు దించి, తగిలిన తీరుని బట్టి ఊహించుకోవాలి. ఒక్క వస్తువు జారిపడితే దాని కొలతలు తెలుస్తాయి కాబట్టి పట్టుకోవచ్చు. గొలుసూ, రాయీ, మేకులూ కలిసి కేసింగులో, అంటే బావి గోడ కూలకుండా దించే గొట్టంలో, ఇరుక్కుంటే ఏ పనిముట్టుకీ పట్టు దొరకదు. గట్టిగా లాగితే తాడు తెగి, ఆ పనిముట్టూ లోపలే ఉండిపోతుంది. అప్పుడు తీయాల్సినవి రెండు! ఒక్కోసారి పక్కనే కొత్త బావి తవ్వుకోవడమే నయం.

వ్యాఖ్యాత: తవ్వడానికి యంత్రాలుండాలిగా?

అతిథి: అక్కడికే వస్తున్నాను. గ్రిఫిత్స్ యంత్రాలనీ వదల్లేదు, స్వయంగా సమ్మెట పట్టి పగలగొట్టాడు. బావి మూసుకుపోయింది, తెరిచే సామగ్రీ లేదు. ఈ రెండూ కలిస్తేనే ఆలస్యం నెలల్లోకి వెళ్తుంది. ఉత్పత్తి మళ్లీ మొదలవడానికి దాదాపు ఐదు నెలలు పట్టింది. 1917లో వచ్చింది 1914 నాటి దాంట్లో మూడో వంతే.

వ్యాఖ్యాత: తర్వాత?

అతిథి: 1918కల్లా 80 శాతానికి చేరింది. భూమిలో చమురు ఉన్నంతకాలం ఎవరూ శాశ్వతంగా ఆపలేరు, గడువు కొనుక్కుంటారంతే. ఆ గడువు ఎంతన్నది మరమ్మతుకి శత్రువుకి దొరికే సమయాన్ని బట్టి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఆగస్టులో, జర్మన్లు కాకసస్‌లోని మైకోప్ చమురు ప్రాంతం పట్టుకునేసరికి సోవియట్లు బావులు, పరికరాలు ధ్వంసం చేసి వెళ్లారు. జర్మన్లు దానికోసమే ప్రత్యేక చమురు దళాన్ని తెచ్చుకున్నారు. అయినా 1943 జనవరిలో వెనక్కి తగ్గేనాటికి రోజుకి 70 పీపాలకు మించి తీయలేకపోయారు.