ఖరీదైన టెలిస్కోపు కొనేముందు టార్చ్ వేసి చూడండి

అందరికీ నమస్కారం. ఈ వీడియో మొదలుపెట్టే ముందు ఒక పని చేద్దాం. గదిలో లైటు ఆర్పేస్తున్నా.

[చీకటి. టార్చ్ వెలుగు లెన్సు మీద ఏటవాలుగా పడుతుంది.]

ఇది నాలుగంగుళాల రిఫ్రాక్టర్ టెలిస్కోపు, అంటే అద్దం బదులు లెన్సుతో చూపించేది, దాని ముందు లెన్సు. పగటి వెలుగులో అద్దంలా ఉంటుంది, ఊదారంగు కోటింగ్ మిలమిల మెరుస్తుంది. ఇప్పుడు టార్చ్ పక్కనుంచి వేశాను, చూడండి. అంచు దగ్గర సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తున్నాయా? మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ సన్నని వేర్లలా పాకినవి? అది దుమ్ము కాదు, గీతా కాదు. బూజు. రెండు గాజుల మధ్య ఉన్న సందులో పట్టిన బూజు.

ఆరేళ్ళ కిందట దీన్ని లక్షా ఎనభై వేలకు కొన్నాను. అమ్మినాయన సముద్రం పక్క ఊళ్ళో ఉంటాడు. "ఒక్క గీత లేదన్నా, డబ్బాలోంచి తీసిందే తక్కువ" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే ఎక్కువ వాడలేదు. వాడకుండా డబ్బాలో మూసి పెట్టడం వల్లే బూజు పట్టింది. కొన్నవాడిగా నేను టార్చ్ వేసి చూసుకోవాలి, చూసుకోలేదు. విప్పించి, శుభ్రం చేయించి, మళ్ళీ లెన్సులు అమర్చడానికి ఇంకో ముప్పై వేలు అయింది. అయినా కోటింగ్ మీద మచ్చ ఉండిపోయింది. మీకు ఆ నష్టం రాకూడదనే ఈ వీడియో చేస్తున్నాను.

లైటు వేస్తున్నా.

ముందు ధర సంగతి. నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న "అన్నా, ఇంత చిన్న గొట్టానికి అంత రేటెందుకు?" అనే. న్యాయమైన ప్రశ్నే. నాలుగంగుళాల గాజు కోసం రెండు మూడు లక్షలు పెట్టేవాళ్ళున్నారు. అదే డబ్బుకి పదహారు అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్, అంటే సాదా స్టాండు మీద తిరిగే అద్దం టెలిస్కోపు, దగ్గర దగ్గర వచ్చేస్తుంది, అందులో గెలాక్సీలు ఎంతో బాగా కనిపిస్తాయి. మరి ఈ చిన్నదానికి అంత పెట్టేది దేనికి?

గాజు కోసం. మామూలు గాజు రంగులన్నిటినీ ఒకేచోట కలపలేదు. చందమామ అంచున ఊదా గీత, శుక్రుడి చుట్టూ నీలం పొగ వస్తాయి. దాన్ని దాదాపు లేకుండా చేసేది ఫ్లోరైట్. కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికం అన్నమాట. దీన్ని కొలిమిలో నెమ్మదిగా పెంచాలి. జపాన్‌లో కెనాన్ ఆప్ట్రాన్ అనే కంపెనీ పెంచుతుంది, తకహాషి అనే జపాన్ కంపెనీ టెలిస్కోపుల్లోకి వెళ్ళేది అక్కడి స్ఫటికమే. దానికి చాలా దగ్గరగా పనిచేసే గాజు ఒహారా కంపెనీ వాళ్ళ ఎఫ్‌పీఎల్-53. ఇప్పుడు చైనాలో తయారయ్యే మంచి టెలిస్కోపుల్లో చాలావాటికి అదే వాడుతున్నారు. ఇరవై ఏళ్ళ కిందట ఖరీదైన కంపెనీల దగ్గర మాత్రమే దొరికిన పనితనం ఇవాళ సగం ధరకి దొరుకుతోందంటే కారణం ఇదే.

రెండోది, వరస. అమెరికాలోని ఇల్లినాయ్‌లో రోలాండ్ క్రిస్టెన్ 1975లో మొదలుపెట్టిన ఆస్ట్రో-ఫిజిక్స్ అనే చిన్న కంపెనీ ఉంది. వాళ్ళ రిఫ్రాక్టర్ కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఆగాల్సి వచ్చేది. చిన్నదైన 92 మిల్లీమీటర్ల స్టోఅవే అనే మోడల్‌కైతే పేర్లలోంచి చీటీ తీశారు. తిరుమల ఆర్జిత సేవలకు లక్కీ డిప్ ఉంటుందే, అచ్చం అలా. పేరు వచ్చినవాళ్ళకే కొనే అవకాశం. అందుకే వాళ్ళ టెలిస్కోపు సెకండ్‌హ్యాండ్‌లో కొత్తదానికంటే ఎక్కువ ధరకి పోతుంది. ఆ అదనపు డబ్బులో గాజుకిచ్చేది ఏమీ లేదు. ఇంకొకరు వేచి చూసిన ఏళ్ళని మీరు కొనుక్కుంటున్నారు, అంతే. అది తప్పని నేననను. దేనికిస్తున్నామో తెలిసి ఇవ్వండి అంటున్నాను.

ధరలు ఎప్పుడూ పైకే పోతాయనుకుంటాం కదా. ఇక్కడ మాత్రం అలా లేదు. క్వెస్టార్ అని పెన్సిల్వేనియాలో న్యూ హోప్ అనే ఊళ్ళో తయారయ్యే టెలిస్కోపు ఉంది. మూడున్నర అంగుళాలు, చేతిపెట్టెలో పట్టేంత. లారెన్స్ బ్రేమర్ 1954లో అమ్మకానికి పెట్టారు. 1950లలో దాని ధర 995 డాలర్లు. 1954లో అమెరికాలో ఒక కుటుంబం ఏడాది సంపాదన సగటున 4,200 డాలర్ల దగ్గర్లో. అంటే దాదాపు మూడు నెలల సంపాదన. ఆ 995ని ఇప్పటి డాలర్లలోకి మారిస్తే పదకొండు వేలు దాటుతుంది. అదే కంపెనీ అదే మూడున్నర అంగుళాలది కొత్తది ఈమధ్య కాలంలో అందులో సగం దగ్గర్లోనే అమ్మింది.

ఇంకో ఉదాహరణ. 1970లో సెలెస్ట్రాన్ అనే అమెరికా కంపెనీ వాళ్ళు తెచ్చిన ఎనిమిదంగుళాల టెలిస్కోపు సీ8, నారింజరంగు గొట్టం. అప్పట్లో 795 డాలర్లు. ఇప్పటి లెక్కలో ఆరు వేలు పైనే. ఈమధ్య కాలంలో ఎనిమిదంగుళాల సెలెస్ట్రాన్, కంప్యూటర్ స్టాండుతో (మౌంట్) కలిపి, రెండు వేల డాలర్ల లోపే దొరికింది. గొట్టం ముందుండే పల్చని గాజుని (కరెక్టర్ ప్లేటు) వేలకొద్దీ ఒకే తీరున చేసే పద్ధతి కనిపెట్టడం, తర్వాత ఆ తయారీ తైవాన్, చైనాలకు పోవడం వల్ల ఇది జరిగింది.

మరి మనకెందుకు ఎప్పుడూ పెరిగినట్టే ఉంటుంది? రూపాయి వల్ల. 2010లో డాలరు 45 రూపాయలు. మూడు వేల డాలర్ల టెలిస్కోపు లక్షా ముప్పై ఐదు వేలు. 85 రూపాయల లెక్కన అదే టెలిస్కోపు రెండు లక్షల యాభై ఐదు వేలు. కంపెనీ ఒక్క డాలరు పెంచకపోయినా మనకి దాదాపు రెండింతలైంది. దానిపైన కస్టమ్స్, జీఎస్టీ, రవాణా వేరే. కానీ జపాన్ యెన్ చూడండి, అది వేరే దారిలో పోయింది. 2021 మొదట్లో వంద యెన్‌లకి డెబ్బై రూపాయల దాకా పెట్టాల్సి వచ్చేది, 2024 నడిమికి యాభై చిల్లరకి దిగింది. టోక్యోలో చుట్టాలో స్నేహితులో ఉండి, అక్కడి అంగడి ధరకి తకహాషి కొన్న మనవాళ్ళు ఆ రోజుల్లో మంచి బేరం చేశారు. ఏ కరెన్సీలో కొంటున్నామో చూడకుండా ధర ఎక్కువా తక్కువా అనడానికి లేదు.

ఇంకొక్కటి చెప్పి పనిలోకి దిగుతా. 2020 లాక్‌డౌన్‌లో టెలిస్కోపులు అంగళ్ళలో ఖాళీ అయిపోయాయి. సెకండ్‌హ్యాండ్ రేట్లు ఆకాశంలోనే. తర్వాత 2023లో సీస్టార్ ఎస్50 అనే చిన్న కెమెరా టెలిస్కోపు ఐదు వందల డాలర్ల చుట్టుపక్కల వచ్చింది. ఫోన్లో నొక్కితే నెబ్యులా ఫొటో వచ్చేస్తుంది. ఫొటోల కోసమే పెద్ద సరంజామా కొన్నవాళ్ళలో కొందరు అమ్మేయడం మొదలుపెట్టారు. కంటితో చూడటమే ఇష్టమైనవాళ్ళకి ఇది మంచి కాలమని నా నమ్మకం. తొందరపడకండి. అమ్మేవాడికి తొందరుండాలి గానీ కొనేవాడికి ఉండకూడదు.

మనవాళ్ళకి ఇది కొత్త మోజేం కాదు. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గొడే వెంకట జగ్గారావు గారు 1840లోనే సొంత డబ్బుతో అబ్జర్వేటరీ కట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు ఇంగ్లండ్‌లో కుక్ కంపెనీ చేసిన ఆరంగుళాల రిఫ్రాక్టర్ తెప్పించి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యుడి మీదుగా దాటడాన్ని విశాఖ నుంచే చూశారు. మన హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ 1901లో పదిహేనంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించారు. నిజామియా అబ్జర్వేటరీకి మొదలు అదే. కుక్, గ్రబ్ అంటే ఆ కాలానికి ఇవాళ మనం తకహాషి అన్నట్టు. విశాఖ ఉప్పుగాలిలో ఆరంగుళాల లెన్సుని నరసింగరావు గారు బూజు పట్టకుండా ఎలా కాపాడుకున్నారో అని నాకు తరచూ అనిపిస్తుంది.

సరే, పైకి వెళ్దాం.

[మేడ మీద. అక్టోబరు రాత్రి, ఏడున్నర.]

టెలిస్కోపు బయటపెట్టి నలభై నిమిషాలైంది. ఇది ముఖ్యం. గదిలోని వేడి లెన్సులోంచి పోకముందు చూస్తే ఎంత మంచి గాజైనా బొమ్మ ఉడుకుతున్నట్టే ఉంటుంది. అమ్మేవాళ్ళింటికి వెళ్ళినప్పుడు కూడా "ముందు బయట పెట్టండి, ఈలోపు టీ తాగుదాం" అనండి.

ఇప్పుడు చేసేది స్టార్ టెస్ట్, అంటే నక్షత్రాన్ని చూసి లెన్సు బాగుందో లేదో తేల్చే పరీక్ష. పుస్తకాల్లో ధ్రువ నక్షత్రం మీద చేయమంటారు, అది కదలదు గనక. అది అమెరికా వాళ్ళకి, యూరప్ వాళ్ళకి బాగుంటుంది. హైదరాబాద్‌లో ధ్రువ నక్షత్రం దిక్చక్రానికి పదిహేడు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, విజయవాడలో ఇంకా తక్కువ. అంత కింద, ఊరి వేడి మీదుగా చూస్తే అద్దం తప్పో గాలి తప్పో తెలీదు. మనం నెత్తిమీదున్న నక్షత్రం తీసుకోవాలి. ఇప్పుడు శ్రవణం దాదాపు నడినెత్తిన ఉంది. మెడ నొప్పి పుడుతుంది, స్టూలు మీద కూర్చోండి.

ఈ టెలిస్కోపు ఫోకల్ లెంగ్త్, అంటే లెన్సు నుంచి బొమ్మ పడే చోటికి దూరం, 740 మిల్లీమీటర్లు. అయిదు మిల్లీమీటర్ల ఐపీస్, అంటే కన్ను ఆనించి చూసే చిన్న లెన్సు, పెడితే 148 రెట్లు. మోటారు లేకుండా చూస్తే నక్షత్రం ఒక అంచునుంచి రెండో అంచుకి ఎనభై సెకన్లలో జారిపోతుంది. అంచు దగ్గర చూడకండి, నడిమధ్యలో ఉన్న ఆ ఇరవై సెకన్లే లెక్క.

[ఫోన్ కెమెరా ఐపీస్‌కి ఆనించి.]

ఫోకస్‌లో ఉన్నప్పుడు ఒక గట్టి చుక్క, చుట్టూ ఒక పల్చని ఉంగరం. ఇప్పుడు ఫోకసర్, అంటే బొమ్మని స్పష్టంగా తెచ్చే మర, కొంచెం లోపలికి తిప్పుతున్నా. చుక్క విచ్చుకుని ఉంగరాలైంది. చెరువులో రాయేస్తే అలలు వచ్చినట్టు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గుండ్రంగా ఉన్నాయా, మధ్య బిందువు సరిగ్గా నడుమ ఉందా చూడండి. ఇప్పుడు ఫోకస్ దాటించి అటువైపుకి అంతే దూరం. అవే ఉంగరాలు, అదే తీరు. ఇటూ అటూ ఒకేలా ఉంటే గాజు బాగా సానబట్టారు.

ఒకవైపు పదునుగా, రెండోవైపు మెత్తగా పిసికినట్టుంటే లెన్సు వంపులో తేడా ఉంది. ఉంగరాలు ఒకపక్కకి జరిగి ఉంటే లెన్సుని పట్టుకునే చట్రం (సెల్) వంగింది, సరిచేయించుకోవచ్చు, ధర తగ్గించమనండి. మూడు మూలలుగా ఉంటే గాజుని ఎక్కడో బిగించేస్తోంది. కోడిగుడ్డు ఆకారంలో ఉంటే వెంటనే కంగారు పడొద్దు, తల పక్కకి వంచి చూడండి. గుడ్డు కూడా మీతోపాటు తిరిగితే దోషం మీ కంటిది. నాకు ఒకసారి అలాగే అయింది. మంచి టెలిస్కోపుని వద్దని తిరిగొచ్చేవాణ్ణే, మా ఆవిడ చూసి "నాకు గుండ్రంగానే ఉందండీ" అన్నది. మర్నాడే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఇప్పుడు వాయవ్యం వైపు, అభిజిత్ పక్కన చిన్న నక్షత్రం ఉంది. బైనాక్యులర్స్‌లో రెండుగా కనిపిస్తుంది. ఈ టెలిస్కోపులో ఆ రెండూ మళ్ళీ రెండేసి. నాలుగు చుక్కలు. ఒక్కో జంట మధ్య దూరం రెండున్నర ఆర్క్‌సెకండ్ల లోపే (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకండు). నాలుగంగుళాలకు సిద్ధాంతం ప్రకారం సుమారు 1.2 ఆర్క్‌సెకండ్ల దాకా విడదీయాలి, కాబట్టి గాలి నిలకడగా ఉన్న రాత్రి ఈ నాలుగూ శుభ్రంగా, మధ్యలో నల్లటి సందుతో కనపడాలి. కనపడకపోతే ఎంత పెద్ద పేరున్న టెలిస్కోపైనా సరే, ఇంకో రాత్రి వచ్చి చూస్తానని చెప్పి వచ్చేయండి. రెండోసారి కూడా కనపడకపోతే వదిలేయండి.

కంపెనీ కాగితాలు, డబ్బా, సీరియల్ నంబరు గురించి పెద్దగా చెప్పను. ఉంటే మంచిది, మళ్ళీ అమ్మేటప్పుడు ధర వస్తుంది. ఫోకసర్ మాత్రం బరువైన ఐపీస్ పెట్టి తిప్పండి, జారకూడదు.

అమ్మా, ఒకసారి ఇటు రా. శని పైకొచ్చాడు.

[అమ్మ ఐపీస్ దగ్గర.]

"ఏందిరా, మొన్న గీత లెక్కుండె గద. ఇప్పుడు చెవులొచ్చినయ్."

సరిగ్గా చెప్పింది. 2025 మార్చిలో శని ఉంగరాలు అంచు మనవైపుకి తిరిగాయి, ఆ ఏడు గీతలాగే కనిపించాయి. ఇప్పుడు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయి, 2032 నాటికి బాగా విచ్చుకుంటాయి. ఇదే గొట్టంతో ప్రతి ఏడాదీ చూస్తున్నాను. దీన్ని అమ్మితే ఎంత వస్తుందని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. లక్షన్నర వస్తుందేమో. మచ్చ ఉందని చెప్పి అమ్మాలి మరి. కానీ 2032 దాకా అమ్మను.

చివరిగా ఒకటి చూపిస్తా. గంటన్నర చూశాం కదా, లెన్సు మీద మంచు పట్టింది. ఇదిగో. ఇలా ఉన్నప్పుడు మూత పెడితే ఆ తడి లోపలే ఉండిపోతుంది, బూజు అక్కడే మొదలవుతుంది. గుడ్డతో తుడవకూడదు, ఫ్లోరైట్ అయితే మామూలు గాజు కంటే మెత్తన. లెన్సుని కిందికి వంచి, ఇంట్లోకి తెచ్చి, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట తెరిచి ఉంచండి. అరగంట. వానాకాలంలో అయితే గంట. ఆరాక మూత, ఆ తర్వాత సిలికా జెల్ పొట్లాలున్న డబ్బా. పొట్లాల్లోని గింజలు నీలంరంగు పోయి గులాబీ అయితే వాటిని పెనం మీద సన్నని సెగకి వేడి చేయండి, మళ్ళీ నీలం వస్తాయి.

తొమ్మిదిన్నరైంది. పదింటికి మూత పెడతాను.