అంపైర్ లేని కోర్టు: స్థానిక బ్యాడ్మింటన్ లీగ్‌కు నిబంధనలు రాసుకోవడం ఎలా

అందరికీ నమస్కారం. లీగ్ కార్యదర్శులు, జట్ల కెప్టెన్లు, కొత్తగా లీగ్ పెడదామనుకుంటున్నవాళ్లు అందరూ ఒకేచోట ఉన్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్దాం.

బ్యాడ్మింటన్ ఎలా ఆడాలో ప్రపంచ సమాఖ్య నియమావళి చెబుతుంది. కోర్టు పొడవు 13.40 మీటర్లు. వెడల్పు డబుల్స్‌కు 6.10, సింగిల్స్‌కు 5.18. నెట్ ఎత్తు స్తంభాల దగ్గర 1.55 మీటర్లు, మధ్యలో 1.524. ఇవన్నీ మనం మళ్లీ రాసుకోనక్కర్లేదు. అయితే ఆ నియమావళి కుర్చీలో ఒక అంపైర్ ఉన్నాడనుకుని రాసింది. మన లీగుల్లో ఆ కుర్చీ ఖాళీ. ఆయన చేయాల్సిన పనంతా మనం రాసుకునే కాగితమే చేయాలి.

అందుకే రాసిన ప్రతి వాక్యానికీ ఒక పరీక్ష పెట్టండి. రాత్రి తొమ్మిదిన్నరకు ఇద్దరు కెప్టెన్లూ పట్టుదల మీదున్నారు. ఈ వాక్యం చదివితే స్కోరు షీటు మీద ఏ అంకె వేయాలో తెలుస్తుందా? ‘ఆలస్యంగా వచ్చిన జట్టుపై తగు చర్య తీసుకోబడును’ అన్న వాక్యంతో ఏమీ తేలదు. ‘15 నిమిషాలు దాటితే మొదటి మ్యాచ్, 30 నిమిషాలు దాటితే రెండోది కూడా 21-0, 21-0తో ప్రత్యర్థికి’ అని ఉంటే వాదనే ఉండదు.

ముందు మాటలు స్థిరం చేసుకోవాలి. జట్టుకూ జట్టుకూ మధ్య పోటీ ‘టై’. అందులో ఒక్కో జోడీ ఆడేది ‘మ్యాచ్’. మ్యాచ్‌లో ఉండేవి ‘గేములు’, మూడింటిలో రెండు గెలిచినవాళ్లదే మ్యాచ్. చాలా లీగుల కాగితాల్లో ‘మ్యాచ్ గెలిస్తే 2 పాయింట్లు’ అని ఉంటుంది. ఏ మ్యాచ్? ఏ పాయింట్లు? పట్టికలో వేసేవాటిని ‘లీగ్ పాయింట్లు’ అనే రాయండి. సగం తగాదాలు ఈ మాటల దగ్గరే మొదలవుతాయి.

ఇక టైలో ఎన్ని మ్యాచ్‌లు పెట్టాలి? దీన్ని కోర్టు బుకింగ్ సమయంతోనే తేల్చాలి, ఉత్సాహంతో కాదు. క్లబ్ స్థాయి డబుల్స్‌లో మూడు గేములు పడితే, వార్మప్‌తో కలిపి ఒక మ్యాచ్‌కు 35 నిమిషాలు వేసుకోండి. జట్టుకు మూడు జోడీలు, ప్రతి జోడీ ఎదుటి మూడు జోడీలతోనూ ఆడితే 9 మ్యాచ్‌లు. రెండు కోర్టులుంటే ఐదు విడతలు, అంటే 175 నిమిషాలు. మూడు గంటల బుకింగ్‌లో మిగిలేది 5 నిమిషాలు! ఒక్క మ్యాచ్ సాగిందంటే చివరిది దీపాలు ఆర్పేవేళకు సగంలో ఉంటుంది. మూడు కోర్టులుంటే ఇదే టై మూడు విడతల్లో, 105 నిమిషాల్లో అయిపోతుంది. రెండే ఉంటే 5 మ్యాచ్‌ల టై పెట్టుకోండి. అదీ మూడు విడతలే.

9 మ్యాచ్‌ల పద్ధతికి ఒక పెద్ద సుగుణం ఉంది. అందరూ అందరితో ఆడతారు కాబట్టి ఏ జోడీని ఏ స్థానంలో దింపారన్న గొడవే రాదు. 5 మ్యాచ్‌ల టైలో ఆ గొడవ తప్పదు. బలమైన జోడీని మూడో స్థానంలో దించి ఒక మ్యాచ్ ఖాయం చేసుకుని, మొదటి స్థానంలో బలహీనుల్ని బలిపెట్టడం పాత ఎత్తుగడ. దీనికి రెండు కట్టుబాట్లు చాలు. సీజన్ మొదట్లోనే ప్రతి కెప్టెన్ ఆటగాళ్లను బలం వరుసలో రాసి ఇవ్వాలి. ఆ వరుస సంఖ్యల మొత్తం ఏ జోడీకి తక్కువో ఆ జోడీ పైస్థానంలో ఆడాలి. టై రోజున ఇద్దరు కెప్టెన్లూ జట్టు జాబితాలను ఒకేసారి మార్చుకోవాలి. ఒకరిది చూసి ఇంకొకరు రాసే వీలు ఉండకూడదు.

బుకింగ్ సమయం అయిపోతే ఏం చేయాలో కూడా రాయండి. ముగియడానికి 10 నిమిషాల ముందు కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదు. మొదలుకాని మ్యాచ్‌కు ఎవరి వల్ల ఆలస్యమైందో వాళ్లు మూల్యం చెల్లించాలి. ఎవరి తప్పూ లేకపోతే రెండు వారాల్లోగా అదొక్కటీ ఆడాలి. సగంలో ఉన్న మ్యాచ్‌ను ముందు గేములతో, గేములు సమానమైతే నడుస్తున్న గేములో ఆధిక్యంతో తేల్చండి. అదీ సమానమైతే ఒక్క ర్యాలీ, అంటే ఒకే ఒక్క పాయింటుకు ఆట. విరామాలు కూడా గడియారం చూసే ఇవ్వాలి. నియమావళి ప్రకారం 11 పాయింట్ల దగ్గర 60 సెకన్లు, గేముల మధ్య 120 సెకన్లు. చూసేవాళ్లు లేకపోతే ఆ రెండు నిమిషాలు ఐదవుతాయి. టై మొత్తానికి అరగంట అలాగే పోతుంది.

ఇప్పుడు షటిల్. లీగ్ అంతటికీ ఈకల షటిలా, నైలానా అన్నది ముందే ఒక్కటి ఖాయం చేయండి. రెండూ గాలిలో తిరిగే తీరు వేరు, కొట్టే ఆటా వేరు. ‘కెప్టెన్ల ఇష్టం’ అని వదిలేస్తే తమకు అలవాటైనదే కావాలని ఇద్దరూ పట్టుబడతారు. బ్రాండు, రకం కూడా రాయండి. వేగం సంఖ్య మాత్రం రాయకండి. ఎందుకంటే వేడి గాలి పలుచగా ఉంటుంది, షటిల్ దూరం పోతుంది. చలిలో గాలి చిక్కనై ముందే పడిపోతుంది. నాలుగు నెలల సీజన్‌లో మొదటి టైకి సరిపోయిన వేగం చివరి టైకి సరిపోకపోవచ్చు. కొన్ని బ్రాండ్లు 75 నుంచి 79 వరకు, కొన్ని 1 నుంచి 5 వరకు అంకెలు వేస్తాయి. అంకె పెరిగితే వేగం పెరుగుతుంది. ఆ రోజు ఏ అంకె వాడాలో పరీక్షించి తేల్చాలి.

పరీక్ష ఎలా చేయాలో కాస్త నిదానంగా చెబుతాను, ఎక్కువ మంది దీన్ని తప్పుగా చేస్తారు. వెనక గీత దగ్గర నిలబడి, షటిల్ ఆ గీత మీదుగా ఉండగా, చేయి కింది నుంచి పూర్తిగా ఊపి పైకి కొట్టాలి. షటిల్ పక్క గీతలకు సమాంతరంగా పోవాలి. అది అవతలి వెనక గీతకు 530 మిల్లీమీటర్లకన్నా దగ్గరగా పడకూడదు, 990 మిల్లీమీటర్లకన్నా దూరంలో ఆగిపోకూడదు. ఆ మధ్య పడితే వేగం సరైనది. ఆ రెండు కొలతల దగ్గర నేల మీద చిన్న టేపు ముక్కలు అంటిస్తే చూడటం తేలిక. జరిగే తప్పేమిటంటే, తలమీంచి క్లియర్ (వెనక గీత దాకా ఎత్తుగా పోయే దెబ్బ) కొట్టి ‘ఇది ఫాస్ట్’ అనేస్తారు. ఆ దెబ్బ భుజబలాన్ని బట్టి మారిపోతుంది. రెండు జట్ల నుంచీ ఒక్కొక్కరు, ఒకే డబ్బాలోని మూడేసి షటిల్స్ కొట్టి చూడాలి. వేగం ఎక్కువైతే ఈకల కొసలు మడవడం చాలామందికి అలవాటు. అది మ్యాచ్ మొదలుకాక ముందే, ఇద్దరు కెప్టెన్ల ఎదుట, ఆ టైలో వాడే షటిల్స్ అన్నిటికీ ఒకేలా చేయాలి. ఆట మధ్యలో ఏ ఆటగాడూ ఈకల మీద చేయి వేయకూడదు.

మ్యాచ్‌కు నాలుగు షటిల్స్ లెక్క వేసుకుంటే 5 మ్యాచ్‌ల టైకి 20 కావాలి. ఆతిథ్య జట్టు 12 ఉండే డబ్బాలు రెండు తేవాలి. ఆట మధ్యలో షటిల్ మార్చడానికి సూత్రం సూటిగా ఉండాలి. ఈక విరిగితే మార్చాలి, మరే కారణానికైనా ఇద్దరూ ఒప్పుకుంటేనే మార్చాలి. ఇది లేకపోతే ఎదుటివాళ్లు వరుసగా నాలుగు పాయింట్లు తీసుకున్న ప్రతిసారీ ఎవరికో షటిల్ ‘ఊగుతున్నట్టు’ కనిపిస్తుంది.

లైన్ కాల్స్ సంగతికి వద్దాం. షటిల్ ఎవరి వైపు పడితే వాళ్లే చెప్పాలి. వెంటనే, అవతలివాళ్లకు వినిపించేలా, చేయి చూపిస్తూ చెప్పాలి. గీతను తాకితే లోపలే. చూడాల్సింది కార్క్ నేలను మొదట తాకిన చోటు, అది జారి ఆగిన చోటు కాదు. జోడీలో ఒకరు ‘ఔట్’, ఇంకొకరు ‘ఇన్’ అంటే అది ఇన్. సరిగా కనిపించకపోతే పాయింటు ఎదుటివాళ్లది. ఇక్కడ చాలా లీగులు మంచితనం కొద్దీ ‘అనుమానం ఉంటే లెట్’, అంటే ఆ ర్యాలీ లెక్కలోకి రాదు, మళ్లీ ఆడాలి అని రాసుకుంటాయి. ఆ పని చేయకండి. అంపైర్, లైన్ జడ్జి ఉన్నచోట ఇద్దరికీ కనిపించకపోతే లెట్ ఇవ్వడం న్యాయమే, వాళ్లకు ఆ పాయింటుతో పని లేదు. ఆటగాడి చేతికి అదే హక్కు ఇస్తే, పోయిన ప్రతి పాయింటునూ అనుమానం పేరుతో వెనక్కి తెచ్చుకునే దారి తెరిచినట్టే. నెట్ తాకడం, షటిల్ ఒంటికి తగలడం ఎవరికి వాళ్లు ఒప్పుకోవాల్సినవి. బయట నిలబడిన జట్టు సభ్యులు కాల్ చెప్పకూడదు. అడిగినా సరే.

హాలు పైకప్పు గురించి ప్రత్యేకంగా రాసుకోక తప్పదు. కప్పు తగిలితే ఫాల్ట్, అంటే కొట్టినవాళ్లు పాయింటు పోగొట్టుకున్నట్టే అనేది అసలు నియమం. భవన నిర్మాణం వల్ల ఇబ్బంది ఉంటే స్థానిక నియమం చేసుకోవడానికి నియమావళిలోనే చోటుంది. దూలాలు, దీపాలు కిందికి వేలాడే హాళ్లలో ‘తగిలితే లెట్’ అని పెట్టుకుంటారు. వారం తిరక్కుండానే, ర్యాలీలో ఇరుక్కున్నవాడు దూలానికి గురిపెట్టి లేపడం మొదలుపెడతాడు. సర్వీస్ తగిలితే లెట్, ర్యాలీలో తగిలితే కొట్టినవాళ్ల ఫాల్ట్ అని రాస్తే ఆ దారి మూసుకుంటుంది. హాలు హాలుకూ తేడా ఉంటుంది కాబట్టి ప్రతి ఆతిథ్య జట్టు తన హాలు నియమాన్ని సీజన్‌కు ముందే రాసి ఇవ్వాలి.

సర్వీస్ ఎత్తు విషయంలో, కొట్టే క్షణంలో షటిల్ మొత్తం నేలకు 1.15 మీటర్ల కిందే ఉండాలి. నెట్ స్తంభం 1.55 మీటర్లు కాబట్టి, పై అంచు నుంచి 40 సెంటీమీటర్లు కిందికి కొలిచి రంగు టేపు చుట్టండి. స్తంభం పక్కన కూర్చుని చూసేవాడికి కంటికి ఆనవాలు దొరుకుతుంది. రిసీవ్ చేసేవాడు తనే ‘ఫాల్ట్’ అని ఆట ఆపకూడదు. కెప్టెన్‌కు చెప్పాలి. కెప్టెన్లు ఇద్దరూ చూసి మొదట హెచ్చరించాలి. తర్వాతే ఫాల్ట్.

ఆటగాళ్ల అర్హత గురించి రెండు ముక్కలు. సగం రౌండ్లు అయ్యాక కొత్త పేర్లు చేర్చకూడదు, లేకపోతే చివరి టైకి ఎవరో బయటి నుంచి దిగుతారు. ఒకే క్లబ్‌కు రెండు జట్లుంటే కింది జట్టువాడు పై జట్టుకు రెండు టైలు ఆడొచ్చు, మూడోది ఆడితే ఆ సీజన్‌కు అక్కడే ఉండిపోవాలి. పైనుంచి కిందికి మాత్రం దిగకూడదు.

ఇప్పుడు పట్టిక. తప్పు చేస్తే లీగ్ విలువే పోయే చోటు ఇదే. లీగ్ పాయింట్లలో జట్లు సమానమైతే ఏ వరుసలో తేల్చాలో ముందే రాయాలి. రెండు జట్లు సమానమైతే వాటి మధ్య జరిగిన టై ఎవరు గెలిచారో చూడాలి. మూడు, అంతకన్నా ఎక్కువైతే మ్యాచ్‌ల తేడా, తర్వాత గేముల తేడా, ఆ తర్వాత గేముల్లో వచ్చిన పాయింట్ల తేడా చూడాలి. ఏ మెట్టు దగ్గరైనా రెండే మిగిలితే మళ్లీ ముఖాముఖి ఫలితానికే రావాలి.

ఒక లెక్క వేసి చూపిస్తాను. నాలుగు జట్లు, 5 మ్యాచ్‌ల టైలు. ఎ జట్టు బి మీద 3-2తో, బి సి మీద 3-2తో, సి ఎ మీద 3-2తో గెలిచాయి. ముగ్గురూ డి మీద గెలిచారు. ఎ 5-0తో, బి 4-1తో, సి 5-0తో. మూడూ సమానమే కాబట్టి మ్యాచ్‌ల తేడా చూడాలి. ఎ 10 గెలిచి 5 ఓడింది, తేడా 5. సి కూడా అంతే. బి 9 గెలిచి 6 ఓడింది, తేడా 3. ఎ, సి మిగిలాయి. వాటి మధ్య టై సి గెలిచింది కాబట్టి సి మొదటి స్థానం. ఇంతవరకూ సవ్యమే. కానీ సితో ఆడిన రోజు డి జట్టులో ఒక జోడీ రాలేదనుకోండి, ఆ 5లో ఒకటి వాకోవర్, అంటే ఆడకుండానే వచ్చిన గెలుపు. ఆ జోడీ వచ్చి ఆ మ్యాచ్ గెలిచి ఉంటే? సి తేడా 3కు పడిపోతుంది, ఎ ఒంటరిగా మొదటికి వస్తుంది. బి, సి సమానమవుతాయి, ముఖాముఖిలో బి గెలిచింది కాబట్టి సి మూడో స్థానం. ఎవరో ఇంటి దగ్గర ఉండిపోయినందుకు మూడో జట్టు మొదటిదైంది.

అందుకే వాకోవర్‌ను తేలిగ్గా తీసుకోకండి. వాకోవర్ ఇచ్చిన జట్టుకు ఒక లీగ్ పాయింటు కోత పెట్టండి. వచ్చిన జోడీలే పైస్థానాల్లో ఆడాలి, ఖాళీ ఎప్పుడూ చివరి స్థానంలోనే ఉండాలి. టై 3-0 అయ్యాక కూడా మిగిలిన రెండు మ్యాచ్‌లు ఆడి తీరాలి, తేడా లెక్కకు అవి కావాలి. గాయంతో మధ్యలో ఆగితే అప్పటివరకు వచ్చిన స్కోరు ఉంచి మిగిలింది ఎదుటివాళ్లకు నింపండి. 21-15, 8-11 దగ్గర ఆగితే అది 21-15, 8-21, 0-21 అవుతుంది.

జట్టే సీజన్ మధ్యలో తప్పుకుంటే దాని ఫలితాలన్నీ కొట్టేయడం మేలు. కొందరికి ఆడి గెలిచిన పాయింట్లు, ఇంకొందరికి ఊరికే వచ్చినవి ఒకే పట్టికలో కలిస్తే న్యాయం ఉండదు. వాయిదా కోరేవాళ్లు కనీసం 72 గంటల ముందు చెప్పాలి, అప్పుడే మూడు కొత్త తేదీలు కూడా ఇవ్వాలి. తేదీ లేని వాయిదా ఆడని టైగా మిగిలిపోతుంది.

ఫిర్యాదు ఉంటే స్కోరు షీటు మీదే, సంతకానికి ముందే రాయాలి. ఇద్దరూ సంతకం పెట్టిన అంకెను తర్వాత ఎవరూ కదపకూడదు. ముగ్గురు సభ్యుల సంఘం వారంలోగా జవాబివ్వాలి. తన జట్టు సంగతి వస్తే ఆ సభ్యుడు పక్కకు జరగాలి, అందుకని నాలుగో పేరు కూడా ముందే ఖాయం చేసి ఉంచండి.

తడి నేల మీద ఆడించకండి. ఎవరైనా జారితే తుడిచేదాకా ఆట ఆగాలి, ఆ సమయం ఎవరి ఖాతాలోనూ పడదు. డబుల్స్‌లో నెట్ దగ్గర ఉన్నవాళ్లు వెనక్కి తిరిగి భాగస్వామిని చూడటం వల్ల కంటికి షటిల్ తగులుతుంది. కొత్తవాళ్లకు ఇది మొదటి రోజే చెప్పండి.

ఇదంతా రెండు పేజీలు దాటదు. మొదటి టైకి వారం ముందు కెప్టెన్లందర్నీ కూర్చోబెట్టి బయటకు చదవండి, సందేహం వచ్చిన వాక్యాన్ని అక్కడికక్కడే అంకెతో తిరగరాయండి. సీజన్ ముగిసేదాకా మళ్లీ మార్చకండి. ఒక ప్రతి స్కోరు షీట్ల అట్టకు వెనకవైపు అంటించి పంపండి.