చైనా వైద్యమా, ఇంగ్లీషు వైద్యమా? స్టూడియో చర్చ

యాంకర్: జబ్బుల జాబితా ఐసీడీ-11లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చైనా సంప్రదాయ వైద్యానికీ చోటిచ్చింది. 2019లో రేగిన గొడవ ఇంకా చల్లారలేదు. అందరికీ సమానంగా టైమ్ ఇస్తాను.

ఆక్యుపంక్చర్ వైద్యుడు: ఒక్క మాట సార్. 2015 నోబెల్, చైనా శాస్త్రవేత్త తు యూయూ. మలేరియా మందు ఆర్టెమిసినిన్ దారి ఎక్కడ దొరికింది? నాలుగో శతాబ్దంలో చైనా వైద్యుడు గే హోంగ్ రాసిన పుస్తకంలో! ఇంకేం రుజువు కావాలి?

ఫార్మకాలజీ ప్రొఫెసర్: అందులో ఆ మూలిక ఆకును నీళ్లలో నానబెట్టి, రసం పిండుకుని తాగమని ఉంది. కాచితే గుణం పోతోందేమోనని తు యూయూకు అనుమానం వచ్చింది. 35 డిగ్రీలకే మరిగే ఈథర్ అనే ద్రావకంతో సారం తీశారు. ఎలుకలు, కోతులు, ఆ తర్వాత తనే తాగి...

వైద్యుడు: పుస్తకం లేకపోతే అనుమానం వచ్చేదా?

ప్రొఫెసర్: పూర్తి చేయనివ్వండి...

యాంకర్: ఆగండి మేడమ్. మరి మన ఆయుర్వేదానికి నోబెల్ ఎందుకు రాలేదు?

(ముగ్గురూ ఒకేసారి)

కిడ్నీ డాక్టర్: నన్ను మాట్లాడనివ్వండి. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడ్డానికి చైనా మూలికల మాత్రలు ఇచ్చారు. ఒక మూలిక బదులు అరిస్టలోకియా అనే వేరే మూలిక కలిసింది. వంద మందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి.

వైద్యుడు: అది పొరపాటున కలిసింది! పారాసెటమాల్ ఎక్కువైతే లివర్ పోదా?

కిడ్నీ డాక్టర్: ఆ జాతి మూలికల్ని చైనాలో తరతరాలుగా వాడారు సార్. కిడ్నీ ఒక్క రోజులో పోదు. ఇవాళ తాగిన కషాయానికీ ఎప్పుడో వచ్చే జబ్బుకీ ముడి ఎవరు వేస్తారు? అనుభవం ఒక్కటే చాలదనేది...

వైద్యుడు: వేల ఏళ్ల అనుభవం సార్! నోబెల్ సార్!

(నోబెల్ మాట ఇది మూడోసారి. కిడ్నీ డాక్టర్ మైకు ఇక్కడి నుంచి సరిగా వినబడలేదు.)

యాంకర్: 2021లో కృష్ణపట్నం మందుకి జనం ఎందుకు ఎగబడ్డారు? మన వైద్యం మీద నమ్మకమేగా?

ప్రొఫెసర్: భయమండీ, ఆక్సిజన్ దొరకని రోజులవి. చైనా సంగతికి వద్దాం. 2007లో నడుము నొప్పి మీద జర్మనీ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. సరైన చోట సూదులు గుచ్చితే 47.6 శాతం మందికి మేలు. ఉత్తుత్తిగా గుచ్చితే 44.2. మందులు, వ్యాయామాల మామూలు చికిత్సకు 27.4.

వైద్యుడు: విన్నారా! మీ వైద్యం కన్నా మాదే నయమని మేడమే ఒప్పుకున్నారు!

ప్రొఫెసర్: ఎక్కడ పడితే అక్కడ గుచ్చినా దాదాపు అంతే మేలు కనబడిందంటున్నాను. ఒంట్లో శక్తి పారుతుందని మీరు చెప్పే నాడుల మాటేంటి?

వైద్యుడు: 47 పెద్దదా, 27 పెద్దదా?

యాంకర్: లెక్క క్లియర్‌గానే ఉంది. మేడమ్, పది సెకన్లు. ఆయుర్వేదానికి...

ప్రొఫెసర్: నేనా మాట...

యాంకర్: టైమ్ అయిపోయింది. బ్రేక్ తర్వాత ఆక్యుపంక్చర్ డాక్టర్ గారు స్టూడియోలోనే సూదులు గుచ్చి చూపిస్తారు.