బీరువాలోని టాబ్లెట్‌ను బయటికి తీయండి

వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక నన్ను మాట్లాడమన్నారు కాబట్టి పొగడ్తలు వదిలేసి విషయంలోకి వస్తాను.

ఆండ్రాయిడ్ టాబ్లెట్‌ను యాప్ టెస్టింగ్‌కు సిద్ధం చేయడం పెద్ద పనేమీ కాదు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ ఎక్కడుందో వెతికి దానిమీద 7 సార్లు తట్టండి, డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి, అప్పుడే కంప్యూటర్ టాబ్లెట్‌తో మాట్లాడగలదు. కేబుల్ పెట్టి కంప్యూటర్ కమాండ్ విండోలో ఏడీబీ డివైసెస్ (adb devices) అని కొట్టండి, తగిలించిన పరికరాల జాబితా వస్తుంది. అన్‌ఆథరైజ్డ్ అని వస్తే కంగారొద్దు, టాబ్లెట్ మీద అనుమతి అడుగుతూ ఉంటుంది, అలౌ నొక్కండి. అసలేమీ రాలేదా? ముందు కేబుల్ మార్చండి. చవక కేబుళ్లలో కొన్నిటికి ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు. ఇది తెలియక డ్రైవర్లన్నీ పీకి మళ్లీ ఎక్కించినవాళ్లు వెనక వరుసలో నవ్వుతున్నారు, చూడండి.

ఇదంతా ఏ వీడియోలోనైనా దొరుకుతుంది. నేను చెప్పాలనుకున్నది దామలచెరువు మామిడి మండీ సంగతి.

మామిడి సీజన్. మండీలో గుమస్తా తోతాపురి తూకాలు ఒక్కొక్కటీ టాబ్లెట్‌లో ఎక్కిస్తున్నాడు. లోడంతా అయింది, టోటల్ వచ్చింది. "చూసుకో మామా" అని టాబ్లెట్ ఎత్తి రైతు వైపు తిప్పాడు. అడ్డంగా ఉన్న తెర నిలువైంది. తూకాలన్నీ మాయం, టోటల్ సున్నా. ఆ పెద్దాయన తెర వంకా, ట్రాక్టర్ వంకా చూసి, "ఏంది సామీ, నా కాయలు యాడికి పోయినాయి?" అన్నాడు.

ఎక్కడికి పోయాయో మీరు చెప్పండి. తెర తిరిగితే ఆండ్రాయిడ్ మామూలుగా ఆ యాక్టివిటీని, అంటే యాప్‌లో ఆ తెరను నడిపే భాగాన్ని, చంపేసి కొత్తది పుట్టిస్తుంది. తూకాల జాబితాను అందులోనే ఉంచుకుంటే దాంతోపాటే పోతుంది. తెర తిరిగినా చెక్కుచెదరకుండా డేటాను పట్టుకునే వ్యూమోడల్‌లో పెట్టి ఉంటే నిలిచేది. యాప్ రాసినవాళ్లు ఫోన్‌ను నిలువుగా పట్టుకునే టెస్ట్ చేశారు. బల్ల మీద టాబ్లెట్ పెట్టుకుని పనిచేసేవాళ్లు మాత్రం ఎదుటివాళ్లకు రోజంతా తిప్పి చూపిస్తూనే ఉంటారు.

నిలువుగా లాక్ చేస్తే పోలేదా అంటున్నారు ఎవరో. ఆండ్రాయిడ్ 16ను టార్గెట్ చేసిన, అంటే ఆ వెర్షన్ నియమాలకు తగ్గట్టు తయారైన యాప్ అయితే, గేములు తప్ప, పొట్టి వైపు 600 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత), ఆపైన ఉన్న తెర మీద ఆ లాక్‌ను సిస్టమ్ మామూలుగా పట్టించుకోదు. ఎమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి టాబ్లెట్‌లోనూ తిప్పొచ్చు, నిజమే. కానీ అక్కడ తిప్పాలని తోచాలి కదమ్మా! చేతిలో ఉన్నది తనంతట తానే తిరుగుతుంది. మీ ప్రాజెక్టును నిజం టాబ్లెట్‌లో చూసినవాళ్లు చేతులెత్తండి... ముగ్గురా?

ప్రిన్సిపల్ గారూ, ఆఫీసు బీరువాలో టాబ్లెట్లున్నాయట. పిల్లలు పగలగొడతారని స్టాక్ రిజిస్టర్‌లో రాసి తాళం వేశారట. ఏళ్ల తరబడి ఛార్జింగ్ లేకుండా పడుంటే బ్యాటరీలు అక్కడే చస్తాయి సార్. పగిలినా పని నేర్పే పగులుతాయి. ఒక్కటి ఇప్పుడే తెప్పించండి. కేబుల్ నా దగ్గరుంది, డేటా తీగలున్నదే.